విదేశం వెళ్తున్నారా? నెట్ సంగతి, నంబరు సంగతి ఊళ్ళో ఉండగానే తేల్చుకోండి

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళేవాళ్ళయినా, భీమవరం, పాలకొల్లు నుంచి అమెరికాలో పిల్లల దగ్గరకి వెళ్ళే అమ్మానాన్నలయినా అందరూ అడిగే ప్రశ్న ఒకటే, అక్కడ నెట్ ఎలాగండీ అని. నెట్‌దేముందండి, పాస్‌పోర్టు చూపించి డబ్బులిస్తే ఏ దేశంలోనైనా దొరుకుద్ది. అసలు తలనొప్పి మన +91 నంబరుతో వస్తది. బ్యాంకు ఓటీపీ దానికే, ఆధార్ ఓటీపీ దానికే, వాట్సాప్ దానిమీదే. ఆ నంబరు ఒక్కసారి చేజారిందంటే కువైట్‌లో కూర్చుని ఏం చెయ్యలేరు, మళ్ళీ కొత్త సిమ్ తీసుకోవాలంటే మనిషే రావాలి. అందుకని కింద చెప్పేవాటిల్లో సగానికి పైగా పనులు ఫ్లైట్ ఎక్కాక చేసేవి కావు, ఇక్కడ అరుగుమీద కూర్చుని చేసుకునేవే. టికెట్ ఖాయం అయిన రోజే మొదలెట్టండి, బట్టలు సర్దే రోజు దాకా ఆగొద్దు.

1. ముందు నంబరు బతికుండేలా చూసుకోండి

ప్రీపెయిడ్ సిమ్ అయితే ఫోన్ కంపెనీల మీద పెత్తనం చేసే సంస్థ ట్రాయ్ రూల్ ఒకటుంది. 90 రోజులపాటు కాల్, మెసేజ్, డేటా ఏదీ వాడకపోతే కంపెనీ ఆ నంబరుని ఆపేయొచ్చు. బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. ఆపేసిన నంబరు కొన్నాళ్ళకి ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు, అప్పుడు మీ బ్యాంకు మెసేజులు ఎవరో ముక్కూముఖం తెలియనాయన చదువుకుంటాడు. కాబట్టి వాలిడిటీ ఎక్కువ రోజులుండే రీఛార్జ్ వేసుకోండి. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ చెప్పిన తర్వాత కంపెనీలు డేటా లేకుండా కాల్స్, మెసేజులు మాత్రమే ఉండే ప్లాన్లు తేవాల్సి వచ్చింది, వాటిల్లో 365 రోజుల దాకా ఇవ్వొచ్చు. విదేశంలో ఉండి ఇక్కడి డేటా ఎలాగూ వాడరు కదా, అలాంటిది వేసుకుంటే చాలు. యాప్ ఓపెన్ చేయగానే పైన పెద్ద పెద్ద డేటా ప్యాకులే కనపడతాయి, ఇవి ఎక్కడో అడుగున దాచినట్టు ఉంటాయి, కిందికి వెళ్ళి వెతకండి.

రీఛార్జ్ అయ్యాక ఇంటర్నేషనల్ రోమింగ్, అంటే మన సిమ్ విదేశీ నెట్‌వర్క్ మీద నడవడం, ఆన్ చేయించుకోండి. కొన్ని కంపెనీలకి యాప్‌లో నొక్కితే సరిపోతది, కొన్నిటికి చిన్న రోమింగ్ ప్యాక్ ఏదోటి వేస్తేగానీ అక్కడ సిగ్నలే పట్టదు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "నాకు అక్కడ ఓటీపీలు మాత్రం వస్తే చాలు, దానికి ఏం వెయ్యాలి" అని ఇదే మాట అడగండి. రోమింగ్‌లో వచ్చే మెసేజులకి మామూలుగా డబ్బులు పడవు, పంపేవాటికి, ఎత్తే కాల్స్‌కి పడతాయి. ఎత్తే కాల్‌కి కూడా పడతాయని చాలామందికి తెలీదండి, లోన్ కావాలా అని ఫోన్ చేసినావిడకి హలో అన్నందుకు కూడా నిమిషం లెక్కన కోస్తారు.

మనవైపు బాగా అలవాటైన పద్ధతి ఇంకోటుంది, సిమ్ తీసి అమ్మ ఫోన్‌లో వేసి వెళ్ళిపోవడం, ఓటీపీ వచ్చినప్పుడల్లా అమ్మకి ఫోన్ చేసి అంకెలు చదివించుకోవడం. నేనైతే వద్దనే అంటాను. అలా అలవాటైన మనిషి రేపు ఎవడో బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి అడిగినా అంతే అమాయకంగా చదివేస్తది. పైగా 2025 నవంబర్‌లో టెలికాం శాఖ వాట్సాప్, టెలిగ్రామ్ లాంటి యాప్‌లకి ఒక ఆదేశం ఇచ్చింది, ఏ నంబరుతో రిజిస్టర్ అయ్యారో ఆ సిమ్ ఫోన్‌లో ఉంటేనే యాప్ నడవాలని. కాబట్టి ఇండియా సిమ్ మీ ఫోన్‌లోనే, మీ దగ్గరే ఉండాలి.

2. బ్యాంకు, యూపీఐ, జీమెయిల్

కొత్త ఫోన్ కొనుక్కుని వెళ్దామనుకుంటే ముందుగా కొనేసి, ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్ అన్నీ అందులో ఇక్కడే రిజిస్టర్ చేసుకుని నాలుగు రోజులు వాడి చూసుకోండి. యూపీఐ రిజిస్టర్ అయ్యేటప్పుడు మీ సిమ్ నుంచి ఒక మెసేజ్ బయటికి వెళ్ళాలి, అది విదేశంలో ఒక్కోసారి వెళ్తది ఒక్కోసారి వెళ్ళదు, వెళ్ళినా వెళ్ళకపోయినా ఛార్జీ మాత్రం పడొచ్చు.

ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓ కింద, అంటే విదేశంలో ఉండేవాళ్ళ ఇక్కడి ఆదాయానికి ఉండే ఖాతాగా మార్పించుకోవాలి, అక్కడి నుంచి పంపే డబ్బులకి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరుచుకోవాలి. ఆ ఖాతాలకి విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకోవచ్చని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2023 జనవరిలో చెప్పింది. మొదట ఇచ్చిన పది దేశాలు సింగపూర్, ఆస్ట్రేలియా, కెనడా, హాంకాంగ్, ఒమన్, ఖతార్, అమెరికా, సౌదీ, యూఏఈ, బ్రిటన్. మన కోనసీమవాళ్ళు అంతమంది ఉన్న కువైట్ ఆ పదిలో లేదు. కాబట్టి కువైట్ వెళ్ళేవాళ్ళు ఇండియా సిమ్‌ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

జీమెయిల్‌కి వెళ్ళి సెక్యూరిటీలో బ్యాకప్ కోడ్స్ అని ఉంటాయి, పది ఇస్తది. అవి కాగితం మీద రాసుకోండి. కొత్త దేశం నుంచి లాగిన్ అయితే గూగుల్‌కి అనుమానం వచ్చి నువ్వేనా అని అడుగుద్ది, అప్పుడు ఓటీపీ రాకపోతే ఈ కోడే దిక్కు.

3. ఫోన్‌ని ఒకసారి పరీక్ష చెయ్యండి

డయల్ ప్యాడ్‌లో *#06# కొట్టండి. ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని పొడుగాటి నంబరు కూడా కనిపిస్తే మీ ఫోన్‌కి ఈసిమ్, అంటే కార్డు పెట్టక్కర్లేకుండా ఫోన్‌లోకి ఎక్కించుకునే సిమ్, ఉన్నట్టే. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ నుంచి ఉంది. అమెరికాలో ఉన్న అబ్బాయి అక్కడ ఐఫోన్ కొని ఇచ్చాడనుకోండి, 14 దగ్గర నుంచి ఆ దేశంలో అమ్మేవాటికి సిమ్ పెట్టే ట్రేనే ఉండదు, మన సిమ్‌ని ఇక్కడ ఈసిమ్‌గా మార్పించుకుంటే తప్ప అందులో పనిచెయ్యదు. ఇది తెలీక మేనల్లుడి దగ్గర నుంచి వచ్చిన ఫోన్ పట్టుకుని సిమ్ ఎక్కడ దూర్చాలా అని తిప్పి తిప్పి చూసేవాళ్ళు ఉన్నారు.

నాన్నగారి బటన్ ఫోన్ అమెరికాకి తీసుకెళ్ళొద్దు. అక్కడ పెద్ద కంపెనీలు 2022లోనే 3జీ మూసేశాయి, 4జీ మీద కాల్స్ వెళ్ళే ఫోన్ అయితేనే మాట్లాడగలరు.

4. నెట్‌కి ఏ దారి పట్టాలి

మూడు దారులున్నాయి. వారం పది రోజుల ట్రిప్ అయితే మన కంపెనీ రోమింగ్ ప్యాకే హాయి, ఖరీదు ఎక్కువే కానీ దిగగానే నెట్ వచ్చేస్తది, నంబరు మారదు, ఎవరినీ అడగక్కర్లేదు. ప్యాక్ వేసేముందు మీరు వెళ్ళే దేశం పేరు ఆ లిస్టులో ఉందో లేదో చూడండి, మధ్యలో ఆగే దేశం కూడా చూడండి, దోహాలో ఆరు గంటలు ఆగి న్యూయార్క్ వెళ్ళేవాళ్ళకి అమెరికా ప్యాక్ దోహాలో పనిచెయ్యకపోవచ్చు.

రెండోది ట్రావెల్ ఈసిమ్. ఇందులో ఎక్కువ భాగం డేటా మాత్రమే ఉంటది, ఫోన్ నంబరు రాదు. ఇండియా సిమ్ ఓటీపీలకి, ఇది నెట్‌కి, రెండూ ఒకే ఫోన్‌లో. నన్నడిగితే నెల లోపు వెళ్ళొచ్చేవాళ్ళకి ఇదే మంచి పద్ధతి. అయితే మన దేశంలో విదేశీ సిమ్‌లు అమ్మాలంటే టెలికాం శాఖ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం ఉండాలి. అది లేదనే 2024 జనవరిలో ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లని ఇక్కడి యాప్ స్టోర్ల నుంచి తీసేయించారు. కాబట్టి ఎన్‌ఓసీ ఉన్నవాళ్ళ దగ్గరే కొనుక్కోండి. కొన్నాక క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఎక్కించుకోవడం ఇంట్లో వైఫై ఉండగానే చేసేయండి. నెట్ కోసం కొన్న ఈసిమ్‌ని ఎక్కించడానికే నెట్ కావాలి, అక్కడ దిగాక ఎక్కించుకుందాంలే అనుకుంటే ఎయిర్‌పోర్టులో వైఫై కోసం తిరగాల్సొస్తది. ఎక్కించాక ఆఫ్‌లో పెట్టి ఉంచండి, ఆ దేశంలో నెట్‌వర్క్ పట్టుకున్నాకే రోజులు లెక్కపెట్టడం మొదలయ్యే రకం అయితే మంచిది, కొనేముందు అది చదవండి.

మూడోది లోకల్ సిమ్. నెలలు, ఏళ్ళు ఉండేవాళ్ళకి ఇదొక్కటే దారి. కువైట్‌లో జైన్, ఊరెడూ, ఎస్‌టీసీ ఉన్నాయి, యూఏఈలో ఎటిసలాట్, డు, ఒమన్‌లో ఒమన్‌టెల్, ఊరెడూ, వోడాఫోన్. మీ పాస్‌పోర్టు మీద మీ పేరుతోనే తీసుకోండి. రూమ్‌లో ఉన్న తమ్ముడి పేరు మీద సిమ్ వాడితే అతను ఊరెళ్ళిపోయి లైన్ క్యాన్సిల్ చేసుకున్న రోజున మీ నంబరూ పోద్ది.

5. కాంటాక్టుల్లో +91 పెట్టుకోండి

ఇది చిన్న పనే, కానీ ఎవరూ చెయ్యరు. మీ ఫోన్‌లో అందరి నంబర్లూ పది అంకెలతోనే ఉంటాయి. అక్కడి లోకల్ సిమ్ నుంచి ఆ పది అంకెలు కొడితే ఇండియాకి కాల్ రాదు. రేపెప్పుడైనా వాట్సాప్‌ని కువైట్ నంబరుకి మార్చారంటే ఆ పది అంకెల్ని కువైట్ నంబర్లే అనుకుని మీవాళ్ళందరూ లిస్టులోంచి మాయమైపోతారు. కనీసం ఇంటివాళ్ళవి, బ్యాంకుది, ఏజెంటువి, ఇరుగుపొరుగు ఇద్దరివి ముందు +91 పెట్టి సేవ్ చేసుకోండి. వెళ్ళాక కొత్త సిమ్ వేసినా వాట్సాప్ పాత నంబరుతోనే ఉంచుకోవచ్చు, నంబరు మారుస్తావా అని అడిగితే వద్దు అనండి.

6. ఇంటి వైపు కూడా సర్దండి

వెళ్ళేవాళ్ళు తమ ఫోన్ గురించే చూసుకుంటారు, ఫోన్ ఎత్తాల్సిన మనిషి ఇక్కడుందని మర్చిపోతారు.

దుబాయ్, అబుదాబి, షార్జా వెళ్ళేవాళ్ళకి ముఖ్యంగా. యూఏఈలో వాట్సాప్ మెసేజులు వెళ్తాయి, వాయిస్ మెసేజులు వెళ్తాయి, ఫొటోలు వెళ్తాయి, కాల్ మాత్రం కలవదు. అక్కడ పర్మిషన్ ఉన్న బోటిమ్ లాంటి యాప్ వాడాలి, అది రెండు వైపులా ఉండాలి. కాబట్టి బయల్దేరే ముందే అమ్మ ఫోన్‌లో బోటిమ్ వేసి, ఆవిడ నంబరుతో రిజిస్టర్ చేసి, మీరు వంటింట్లోంచి చేసి ఆవిడ చేత వరండాలో ఎత్తించండి, రెండు మూడు సార్లు చేయించండి. మీరు వెళ్ళిపోయాక ఫోన్‌లో ఇవన్నీ చెప్పి చేయించడం ఎంత కష్టమో చేయించినవాళ్ళకే తెలుసు. ఖతార్, ఒమన్‌లో కూడా ఇలాంటి ఆంక్షలున్నాయి, అక్కడున్న మన ఊరివాళ్ళని ఇప్పుడు ఏది నడుస్తుందో అడిగి అదే వెయ్యండి. కువైట్‌లో వాట్సాప్ కాల్ మామూలుగానే వస్తది.

వీపీఎన్ (మన ఫోన్ ఇంకో దేశంలో ఉన్నట్టు నెట్ అడ్రస్ మార్చి చూపించే యాప్) వేసేసుకో బావా అని సలహా ఇచ్చేవాడు ప్రతి రూమ్‌లో ఒకడుంటాడు. యూఏఈ 2021 నాటి సైబర్ చట్టంలో నేరం చెయ్యడానికి గానీ కప్పిపుచ్చడానికి గానీ అలా అడ్రస్ మార్చుకుంటే 5 లక్షల దిర్హమ్‌ల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా, జైలు కూడా ఉంది. వీడియో కాల్ కోసం ఆ రిస్కు ఎందుకండి, పర్మిషన్ ఉన్న యాప్‌లు ఉండగా.

ఇంట్లో వైఫై ఉంటే, అది ఏపీ ఫైబర్‌నెట్ అయినా లోకల్ కేబుల్ ఆయన ఇచ్చిందైనా, కరెంటు పోతే బాక్సు ఆగిపోద్ది. రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొని తగిలించండి. లంక గ్రామాలవాళ్ళకి ఇది ఇంకా అవసరం. వరదల టైమ్‌లో ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు కదా, 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు చూశాం, లంకల్లో కరెంటు తీసేస్తే ఇళ్ళల్లో ఫోన్లు ఛార్జింగ్ అయిపోయి మూగబోతాయి, టవర్ కూడా ఎంతసేపు నిలబడుద్దో చెప్పలేం. అక్కడ కువైట్‌లో టీవీలో వరద చూస్తా ఇంటికి ఫోన్ కలవక కొట్టుమిట్టాడేది మీరే. అందుకని ముందే ఒక ఒప్పందం పెట్టుకోండి, రెండో హెచ్చరిక వచ్చిందంటే పవర్ బ్యాంకులు నింపుకోవాలని, ఏటిగట్టుకి ఇవతల ఉన్న ఫలానా చుట్టాల నంబరుకి మీరు చేస్తారని, రోజుకి ఫలానా టైమ్‌కి మాత్రమే ఫోన్ ఆన్ చెయ్యమని. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక, ఆ లెక్క చూసుకుని టైమ్ పెట్టుకోండి.

ఇంకో మాట. మీ అబ్బాయిని అక్కడ పోలీసులు పట్టుకున్నారు, డబ్బులు వేస్తే వదిలేస్తారు అని ఇళ్ళకి దొంగ కాల్స్ వస్తున్నాయి. ఇంట్లోవాళ్ళకే తెలిసిన మాట ఒకటి అనుకోండి, ఎవరు ఏం చెప్పినా ఆ మాట అడగమనండి. డబ్బులు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలని గోడ మీద రాసి పెట్టండి.

7. కాగితం మీద రాసుకోండి, ముఖ్యంగా ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు

ఇళ్ళల్లో పనికి వెళ్ళే అక్కచెల్లెళ్ళకి ఇది అన్నిటికంటే పెద్ద విషయం. కొన్ని ఇళ్ళల్లో దిగగానే ఫోన్ తీసేసుకుంటారు, కొన్నిచోట్ల వైఫై పాస్‌వర్డ్ ఇవ్వరు. ఫోన్‌లోనే అన్నీ ఉంటే ఫోన్ పోయిన రోజున ఒక్క నంబరూ గుర్తుండదు. ఇంటి నంబరు ఒకటి, బాగా తెలిసినవాళ్ళ నంబరు ఇంకోటి +91తో సహా బట్టీ పట్టండి. ఆ దేశంలో ఇండియన్ ఎంబసీ నంబరు, ఏజెంటు నంబరు, మీరు పనిచేసే ఇంటి అడ్రస్ చిన్న కాగితం మీద రాసి ఒకటి బట్టల్లో, ఒకటి పర్సులో పెట్టుకోండి, ఇంకోటి ఇంట్లో ఇచ్చి వెళ్ళండి. యూఏఈ అయితే మన ప్రవాసీ సహాయ కేంద్రానికి 800 46342, అక్కడి నుంచి ఫ్రీ. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు ఫొటోలు తీసి ఇంట్లోవాళ్ళ వాట్సాప్‌లో వేసి ఉంచండి. వారానికి ఒక్కసారైనా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో, ఏం చెయ్యాలో ఇంట్లో ముందే మాట్లాడుకోండి, నెల రోజులు చూసి అప్పుడు ఎంబసీకి రాద్దాం అనుకోవద్దు.

8. బయల్దేరే రోజు

కారెక్కి రావులపాలెం దాటేలోపు గూగుల్ మ్యాప్స్‌లో వెళ్ళే ఊరి ఆఫ్‌లైన్ మ్యాప్, ట్రాన్స్‌లేట్‌లో అరబిక్ దింపుకుని ఉండాలి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే పెట్టాలి, చెకిన్ లగేజీలో పెట్టనివ్వరు. ఎమిరేట్స్‌లో అయితే 2025 అక్టోబర్ 1 నుంచి ఫ్లైట్‌లో దాన్ని వాడనివ్వరు కూడా, ఫోన్ ముందే నింపుకోండి. గల్ఫ్‌లో ప్లగ్గులు మూడు చదునైన పిన్నులవి, అమెరికాలో రెండు చదునైన రేకులవి, అడాప్టర్ ఇక్కడే కొనేయండి.

ఫ్లైట్ ఎక్కాక ఎయిర్‌ప్లేన్ మోడ్ తప్పనిసరి. పైలట్ చెప్పాడని మాత్రమే కాదు, కొన్ని విమానాల్లో, ఓడల్లో సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటది, మీ ఫోన్ దాన్ని పట్టుకుందంటే మామూలు రోమింగ్ ప్యాక్ దానికి వర్తించకపోవచ్చు, బిల్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

9. దిగాక

దుబాయ్, దోహా, సింగపూర్ ఎయిర్‌పోర్టుల్లో ఫ్రీ వైఫై ఉంది, చేరాను అని ఇంటికి మెసేజ్ దాంతో పెట్టేయండి. బ్యాంకు యాప్ మాత్రం ఆ వైఫై మీద తెరవొద్దు. తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్ళి డేటా ఏ సిమ్ మీద నడవాలో అక్కడ లోకల్ సిమ్ గానీ ఈసిమ్ గానీ ఎంచుకోండి, ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్ చెయ్యండి, సిమ్‌ని మాత్రం ఆఫ్ చెయ్యొద్దు. చాలామంది ఛార్జీలు పడతాయని భయంతో సిమ్ మొత్తం ఆపేస్తారు, ఓటీపీ రాలేదని మళ్ళీ వాళ్ళే గోల పెడతారు. ట్రావెల్ ఈసిమ్‌కి డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే సిగ్నల్ నిండుగా కనిపిస్తా నెట్ రాదు. అప్పటికీ రాకపోతే ఫోన్ ఆపి తెరవండి, ఆ తర్వాత నెట్‌వర్క్‌ని ఆటోమేటిక్ తీసేసి చేత్తో ఎంచుకోండి, ఆపైన ఏపీఎన్ (సిమ్‌ని నెట్‌కి కలిపే సెట్టింగ్) సరిచూడండి, ఇదే వరసలో.

వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ అవ్వడం ఆపేయండి. ఊరి గ్రూపులో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు, తీర్థం డ్యాన్సులే సగం డేటా తినేస్తాయి. గూగుల్ ఫొటోస్ బ్యాకప్ వైఫైలో మాత్రమే అని పెట్టండి, వాట్సాప్ కాల్స్‌కి తక్కువ డేటా వాడే ఆప్షన్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా కింద ఉంది, అది నొక్కండి. ఆడియో కాల్‌తో పోలిస్తే వీడియో కాల్ చాలా రెట్లు ఎక్కువ తింటది, మనవడి మొహం చూడాలంటే రూమ్ వైఫైలో చూడండి.

చైనా వెళ్ళేవాళ్ళుంటే, చేపల చెరువుల మెషినరీ కొనడానికని వెళ్ళేవాళ్ళు మనవైపు ఉన్నారు కదా, అక్కడి సిమ్ మీద గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ ఏవీ రావు. ఇండియా సిమ్ రోమింగ్ అయితే డేటా మన కంపెనీ మీదుగా తిరిగి వస్తది కాబట్టి పనిచేస్తాయి. ఆ దేశానికి మాత్రం ఖరీదైనా రోమింగ్ ప్యాకే వెయ్యండి.

అక్కడి నుంచి ఇంటి పనులు ఏవైనా ఉంటే ఏపీ ప్రభుత్వం 2025 జనవరి 30న పెట్టిన మన మిత్ర వాట్సాప్ సర్వీసు ఉంది, 95523 00009. కరెంటు బిల్లు కట్టడం, కొన్ని సర్టిఫికెట్లు తీసుకోవడం దాంట్లోనే అయిపోద్ది. ఈ నంబరు కూడా ముందు +91 పెట్టి ఇప్పుడే సేవ్ చేసుకోండి.